నవోమి రాస్తారోకో

మెదక్ డిపో కండక్టరు జోయెల్ భార్య నవోమికి కోపం ముక్కు మీదే ఉంటుందని వాడకట్టంతా చెప్పుకునేది. చెప్పుకోనివ్వండి. ఏడేళ్లుగా ఆమె విన్న మాటల్ని ఆ చెప్పుకునేవాళ్లలో ఒక్కరు ఏడు రోజులు వింటే తెలిసేది. పెళ్లయి వచ్చిన కొత్తలో నవోమి నెమ్మదైన పిల్లే. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. లంగా పొడవు తగ్గిందని ఎవరైనా తగవుకొస్తే, నవ్వుతూనే కుట్లు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చేది. ఆ నవ్వు బిడ్డకు మూడేళ్లు వచ్చేసరికి పోయింది.

బిడ్డ పేరు నిస్సి. ఒక్కతే కూతురు. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని గోడకు తల బాదుకుంటుంది. సోడా సీసా మూతలు వరసగా పేర్చుకుంటూ పూటంతా కూర్చుంటుంది, అందులో ఒక్క మూత ఎవరైనా కదిపారో, ఇక ఆ పూటకు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. అన్నిటికంటే ఘోరం పరుగు. ఉన్నట్టుండి లేచి ఉరుకుతుంది. ఎటు అని లేదు, ఎందుకని లేదు.

సలహాలకేం, ఇంటింటికీ ఒకటి. దిష్టి తగిలిందన్నారు. ఉపవాస ప్రార్థన పెట్టించమన్నారు. తాయెత్తు కట్టించమని పక్కింటివాళ్లు, రెండు తగిలిస్తే అదే దారికొస్తుందని ఎదురింటివాళ్లు. అత్తగారు మాత్రం మా ఇంటా వంటా ఇట్లాంటిది లేదని ఒక్క ముక్కలో తేల్చి పక్కకు తిరిగింది. తల్లి పొద్దస్తమానం మిషను తొక్కుతూ కూర్చుంటే పిల్లకు మాటలెట్లా వస్తాయని అన్నవాళ్లూ ఉన్నారు, ఆ మిషను మీద కుట్టిన జాకెట్టే తొడుక్కుని. చివరికి హైదరాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరు ఆటిజం అన్న మాట చెప్పాడు. ఇది పుట్టుకతోనే వచ్చేది, ఎవరి తప్పూ కాదు, దీనికి మందు లేదు, ఓపిగ్గా నేర్పుకోవాలన్నాడు. ఇన్నేళ్లు ఊరంతా తనను దోషిని చేసి నిలబెట్టిందని నవోమికి ఆ రోజు తెలిసింది. తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

నిస్సికి ఆరో ఏట ఒకరోజు, యూనిఫారం కొలతకొచ్చిన వాళ్లు తలుపు తీసి పెట్టారు. నవోమి టేపు మెడలో వేసుకుని తిరిగి చూసేసరికి పిల్ల లేదు. పెద్ద రోడ్డు మీద దొరికింది, లారీ బంపరుకు మూరెడు దూరంలో. డ్రైవరు దిగి తిట్టిన తిట్లు సగం బజారు విన్నది. ఆ రోజు నుంచి ఇంటికి లోపలి నుంచి తాళం. తాళంచెవి నవోమి మెడలో. ఏడాది పాటు నిస్సి ఆ రెండు గదుల్లోనే తిరిగింది. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డ బిడ్డను చూసినప్పుడల్లా నవోమికి కడుపు రగిలిపోయేది. తాళం తీస్తే చస్తుంది, తీయకపోతే ఇట్లాగే పెరుగుతుంది. ఈ రెండే ఉంటాయా దీని బతుక్కి అని మిషను తొక్కుడు మీద కోపమంతా తీర్చుకునేది.

ఇంట్లో ఒక కుక్క ఉండేది, కర్రెగాడు. ఒళ్లంతా నలుపు కాబట్టి ఆ పేరు. డిపోలో బస్సు కింద దొరికిన కూనను జోయెల్ సంచిలో వేసుకుని తెచ్చాడు. నిస్సి కింద పడి కాళ్లు చేతులు కొట్టుకుంటూ అరిచినప్పుడు మనుషులందరూ దూరం జరిగేవారు. వాడు మాత్రం వచ్చి ఆమె కాళ్ల మీద అడ్డంగా, బరువంతా వేసి పడుకునేవాడు. కొంచెం సేపటికి అరుపు మూలుగయ్యేది, మూలుగు ఆగిపోయేది. ఎవరూ నేర్పలేదు వాడికి. మిషను ముందు కూర్చుని నవోమి ఇది ఎన్నోసార్లు చూసింది.

రెండోసారి హైదరాబాద్ పోయినప్పుడు అక్కడ పిల్లలకు తర్ఫీదు ఇచ్చే అమ్మాయికి ఈ సంగతి చెప్పింది. బయటి దేశాల్లో ఇలాంటి పిల్లల కోసం కుక్కల్ని తయారుచేస్తారని ఆ అమ్మాయి అన్నది. పిల్ల నడుముకు, కుక్క ఒంటికి కలిపి పట్టీ కడతారట. పిల్ల ఉరకబోతే కుక్క అక్కడికక్కడే పడుకుంటుందట, ఇక పిల్ల కదలలేదట. చెప్పి, నవ్వి, మనకెక్కడివి లెండి అన్నది. మనకెక్కడివి అన్న మాట అప్పటికి ఎన్నిసార్లు విన్నదో నవోమి. మందు మనకెక్కడిది, బడి మనకెక్కడిది. ఆ మాటకే ఆమెకు ఒళ్లు మండింది.

రెండు వీధుల అవతల వెంకట్రాములు ఉండేవాడు. పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు ఎవరైనా బండి ఆపినా లేచి కసిరేవాడు. నవోమి కర్రెగాణ్ని తాడుతో పట్టుకుని పోయి విషయం చెప్పింది. ఆయన కుక్కను పైనుంచి కిందికి చూసి మూతి విరిచాడు.

"నేను జర్మన్ షెపర్డులకు నేర్పినోన్ని. గీ ఊరకుక్కను పట్టుకొచ్చి నేర్పుమంటవా?"

"జర్మనీ నుంచి నా బిడ్డ కోసం ఎవ్వరు రాలే సార్," అన్నది నవోమి. "గిదే వచ్చింది."

ఆ సాయంత్రమే వెంకట్రాములు ఆమె ఇంటికి వచ్చి, తాళం తీయించుకుని లోపల కూర్చుని, గంట సేపు నిస్సినీ కుక్కనూ చూశాడు. పోతూ పోతూ, కోడి కార్జం ఉడకబెట్టి చిన్న ముక్కలు కోసి పెట్టుకొమ్మని, కుక్క మీద చెయ్యి ఎత్తినట్టు తెలిస్తే మళ్లీ గడప తొక్కనని చెప్పి పోయాడు.

పట్టీ పని నవోమిది. పాత స్కూలు బ్యాగుల పట్టీలు కోసి, కాన్వాసు గుడ్డ మీద నాలుగు వరసల కుట్టు వేసి కుక్క ఛాతీకి కవచంలాంటిది కుట్టింది. నిస్సికి నడుము బెల్టు, బకిలు వెనక వైపు, ఆమె చేతికి అందకుండా. నడుమ నాలుగడుగుల పట్టీ. కుట్టు ఒరుసుకుంటే నిస్సి భరించదు కాబట్టి లోపల మెత్తటి గుడ్డ వేసింది, అదీ పనికిరాక మూడుసార్లు విప్పి కుట్టింది. మొదట బెల్టు తనే కట్టుకుంది. ఉరకబోయినట్టు ముందుకు గుంజేది, వెంకట్రాములు "బైఠ్" అనేవాడు, కర్రెగాడు నేల కరుచుకుని పడుకుంటే కార్జం ముక్క పడేది. పట్టీ వదులయ్యేదాకా లేవకపోతే ఇంకో ముక్క. లేస్తే ఏమీ లేదు. మూడు వారాలకు "బైఠ్" అనే అవసరం లేకుండా పోయింది. పట్టీ గుంజుకుంటే చాలు, వాడు నేలకు అతుక్కునేవాడు.

అప్పుడు నవోమి నిర్మలమ్మ దగ్గరికి పోయింది. పెద్ద రోడ్డు అవతల చిన్న ప్రైవేటు బడి ఆమెది, ఆ బడి యూనిఫారాలు ఏటా కుట్టేది నవోమే. నిర్మలమ్మ చెడ్డదేమీ కాదు. కాకపోతే భయస్తురాలు. కుక్క వరండాలో పడుకుంటే తనకు అభ్యంతరం లేదు గానీ, దారిలోనో బడిలోనో పిల్ల ఉరికి ఏమైనా అయితే తను జవాబు చెప్పలేనన్నది. చివరికి ఒక మాట ఇచ్చింది. కుక్కతో కలిసి నడిచి, ఉరకకుండా, నిస్సి బడి గేటు దాకా ఏ రోజు వస్తే ఆ రోజు పేరు రాసుకుంటానన్నది. అంతే, నవోమికి ఇక రాత్రీ పగలూ అదే ధ్యాస. ఇంటి నుంచి గేటు దాకా పావుగంట నడక. ఆ పావుగంట నడిస్తే నిస్సికి తాళం ఉండదు.

అది రెండువేల పదకొండు. వాళ్లు పిల్లనూ కుక్కనూ కలిపి వీధిలోకి తీసుకుపోదాం అనుకునేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటలేదు. జోయెల్ పొద్దున్నే టిఫిను తిని సమ్మె శిబిరానికి పోయేవాడు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా కూర్చునేవారు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినేవారు, పాటలు పాడేవారు. ఇంటికొచ్చేసరికి గొంతు పోయేది, మొహం మాత్రం వెలిగిపోతుండేది. నవోమి ఎప్పుడైనా పట్టీ గురించి, బడి గురించి ఎత్తితే, కొన్నాళ్లు ఓపిక పట్టమనేవాడు. తెలంగాణ రానీ, మన బిడ్డలాంటి పిల్లలకు ఇక్కడే బడి పెట్టిస్తం, ఇక్కడే దవాఖాన పెట్టిస్తం అనేవాడు. ఒకరోజు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెలంగాణ రావాలె. నాకు గూడ కావాలె. గని అది వచ్చేదాంక నా బిడ్డ తాళం ఎనుక కూసుండాల్నా? దానికి ఏడేండ్లు. వచ్చే ఏడు ఎనిమిది. ఎవ్వరి కోసం ఆగుతది దాని వయసు?"

జోయెల్ అన్నం ముందు నుంచి లేచి పోయాడు.

కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆ సమ్మె నవోమికి ఖాళీ ఊరును ఇచ్చింది. మీటింగులు, మైకులు చౌరస్తాలోనే, అదీ పొద్దటి పూట. మధ్యాహ్నం తరవాత పెద్ద రోడ్డు మీద బస్సు లేదు, లారీ లేదు, హారన్ లేదు. దుకాణాల షట్టర్లు దించి ఉండేవి. చర్చి గంట కొట్టినప్పుడు తప్ప ఊరు నోరు మూసుకునే ఉండేది. వెంకట్రాములు కూడా ఇంతకంటే మంచి సమయం దొరకదు, ఏ గడబిడ లేదు, నడిపించు బిడ్డా అన్నాడు. సర్వీసులో కుక్కల్ని సంతల్లో, జాతరల్లో తిప్పి నేర్పిన మనిషే ఆ మాటన్నాడు.

ఏడాది తరవాత నిస్సి కాళ్లకు రోడ్డు తగిలింది. మొదటి రోజు పది అడుగులు. రెండో వారానికి బడి గేటు కనబడేదాకా. రోడ్డు మధ్యలోంచే నడిచేవారు, అడ్డం వచ్చేవాళ్లెవరు? నిస్సి ఉరకబోయేది, పట్టీ బిగిసేది, కర్రెగాడు తారు మీదే పడుకునేవాడు. నిస్సి గుంజేది, గింజుకునేది, వాడు కొండలా కదిలేవాడు కాదు. అలసిపోయి ఆమె వచ్చి వాడి వీపు మీద తల పెట్టేది. అప్పుడు పట్టీ వదులయ్యేది, ముక్క పడేది, మళ్లీ నడక. నెల తిరిగేసరికి రోజుకు ఒక్కసారి కూడా ఉరకడం లేదు. దసరా తరవాత ఒక మధ్యాహ్నం జోయెల్ కూడా వెంట వచ్చాడు. తాళం వేసిన బడి గేటు ముందు నిస్సి కుక్క చెవి పట్టుకుని నిలబడితే, అతను రోడ్డు మీదే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. నవోమికి ఆ రోజు చాలా ఏళ్ల తరవాత నవ్వొచ్చింది. బడి తెరిచిన రోజే తీసుకొస్తానని నిర్మలమ్మకు కబురు పంపింది.

అక్టోబరు నడుమ బస్సులు కదిలాయి, బడులు తెరిచారు. ఆ సోమవారం పొద్దున నవోమి నిస్సికి కొత్త యూనిఫారం తొడిగింది, తను కుట్టిందే. బెల్టు పెట్టింది, పట్టీ తగిలించింది, తాళం తీసింది. వెంకట్రాములు కర్ర పట్టుకుని పదడుగులు వెనక నడిచాడు. వీధి దాటేదాకా బాగానే ఉంది.

పెద్ద రోడ్డెక్కగానే నవోమి ఆగిపోయింది. నెల రోజులు పట్టేసిన ఊరు ఒక్కసారిగా వదిలింది. డిపోలోంచి బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ముందు జెండాలు కట్టుకుని, సంబరంగా హారన్లు కొట్టుకుంటూ. ఆటోలు, మోటారు సైకిళ్లు, సరుకు దించే లారీలు. వెనక్కి తిరుగుదామా అనుకుంది. గేటు ఎదురుగా కనిపిస్తోంది. ఇన్నాళ్లు నడిచింది కదా, ఈ ఒక్క రోడ్డు దాటితే చాలు కదా అని అడుగేసింది. సరిగ్గా రోడ్డు మధ్యకు చేరేసరికి మొదటి బస్సు హారన్ కొట్టింది. నిస్సి చెవులు మూసుకుని ఎగిరి ఉరికింది. పట్టీ బిగిసింది. కర్రెగాడు పడుకున్నాడు.

వాడు ఏ తప్పూ చేయలేదు. నేర్పింది నేర్పినట్టు చేశాడు. పక్కకు పోయి పడుకోవాలని వాడికి ఎవరు నేర్పారు? నెల రోజులు ఆ రోడ్డుకు నడుమ ఏదో అంచు ఏదో వాడికి తేడా లేదు, వాళ్లకూ లేదు.

బస్సు రెండు గజాల దూరంలో ఆగింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఆగిన ప్రతిదీ హారన్ కొట్టింది. నిస్సి తారు మీద పడి తల బాదుకుంటోంది, కర్రెగాడు పాకి వచ్చి ఆమె కాళ్ల మీద పడుకున్నాడు. నవోమి కుక్కను గుంజింది, లేవలేదు. పిల్ల కొట్టుకుంటున్నంత సేపూ పట్టీ గుంజుకుంటూనే ఉంది, అది వదులైతే గానీ లేవకూడదని నేర్పింది ఆమే. బకిలు ఊడదీస్తే పిల్ల చక్రాల కిందికే పోతుంది. ఎత్తుకోబోతే కాళ్లతో తన్ని జారిపోయింది. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బండి దిగి, కుక్కను ఒక్క తన్ను తంతే లేస్తదని కాలు ఎత్తాడు. వెంకట్రాములు కర్ర అడ్డం పెట్టి, ముందు నన్ను తన్నమన్నాడు. తప్పు నాది బిడ్డా, గడబిడల తిప్పకుంట నేర్పిన అని నవోమితో ఒకటే అనడం.

నవోమి చుట్టూ చూసింది. తిట్లు, హారన్లు, నవ్వులు. పిచ్చిపిల్లను బజార్లోకి ఎందుకు తెచ్చావని ఒకామె ఆటోలోంచి అడిగింది. అప్పుడు నవోమి ఇంకేమీ ఆలోచించలేదు. కొత్త యూనిఫారం మురికైన బిడ్డ తలను ఒళ్లోకి తీసుకుని, ఆ బస్సు ఎదురుగా, రోడ్డు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మూడో బస్సులోంచి జోయెల్ దిగి ఉరికొచ్చాడు. ఆ రోజు అతని డ్యూటీ ఆ బస్సు మీదే. ఆమెను చూసి మొహం మాడిపోయింది. చెయ్యి పట్టుకుని లేపబోయాడు. జనం చూస్తున్నరు, లే, పక్కకు పోదాం అన్నాడు. నవోమి చెయ్యి విడిపించుకుంది. ఆమె గొంతు పెద్దదేమీ కాదు, కానీ ఆ రోజు హారన్ల నడుమ కూడా మొదటి బస్సు వెనక సీట్ల దాకా వినబడింది.

"నెల దినాలు మీరందరు ఇదే రోడ్డు మీద కూసున్నరు. వండుకున్నరు, తిన్నరు, ఆటలాడిన్రు. బస్సులాపిన్రు, బడులాపిన్రు. నేను ఒక్క మాట అన్ననా? మన కోసమే కూసున్నరు అనుకున్న. నా బిడ్డ కోసం పది నిమిషాలు ఆగనీకి మీకు పానం పోతున్నదా?"

వెనక నుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు ఊరి కోసం కూసున్నవ్. నేను దీని కోసం కూసున్న. లేపకు నన్ను. చేతనైతే పోయి ఆ హారన్లు ఆపు."

జోయెల్ వెనక్కి తిరిగి, మొదటి బస్సు రేకును అరచేత్తో దబదబ బాదాడు. "ఇంజిన్ బంద్ జెయ్యన్నా" అన్నాడు డ్రైవరుతో. నెల రోజులు శిబిరంలో పక్క పక్కన కూర్చున్న మనిషే అతను. బంద్ చేశాడు. జోయెల్ రెండో బస్సు దగ్గరికి పోయాడు, మూడోదాని దగ్గరికి పోయాడు, లారీ దగ్గరికి, ఆటోల దగ్గరికి. దండం పెట్టిన దగ్గర పెట్టాడు, తిట్టిన దగ్గర తిట్టాడు. వరస చివరి దాకా పోయేసరికి రోడ్డు మీద ఒక్క ఇంజిను మోగడం లేదు.

నిస్సి ఇంకా ఏడుస్తోంది. కర్రెగాడు ఆమె కాళ్ల మీద నుంచి కదల్లేదు. కొంత సేపటికి ఏడుపు మూలుగైంది. ఇంకొంత సేపటికి ఆమె చెయ్యి కుక్క చెవి మీదికి పోయింది. నవోమి లేవలేదు, లేపలేదు. బస్సుల్లోంచి జనం తలలు బయట పెట్టి చూస్తున్నారు. చివరికి నిస్సి గింజుకోవడం పూర్తిగా ఆగింది. పట్టీ వదులైంది, కర్రెగాడు లేచాడు, వాడి వెనకే నిస్సి తనంతట తనే లేచి నిలబడింది. నవోమి కార్జం ముక్క వాడి నోట్లో పెట్టింది. ఇంటికి పోదామని వెంకట్రాములు అన్నాడు. ఆమె వినలేదు, బడి వైపే నడిచింది.

గంట కొట్టి అరగంట దాటింది. నిర్మలమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది, అంతా అక్కడి నుంచే చూసింది. నిస్సి చెంప మీద తారు మరక, మోకాలు గీరుకుపోయి ఉంది. నవోమి ఏదీ దాచలేదు. రోడ్డు మధ్యలో ఉరికిందని, కుక్క పట్టిందని, తనూ రోడ్డు మీద కూర్చున్నానని చెప్పింది.

"రేపు గూడ గిట్లనే బస్సులాపుతవా నవోమీ?" అని అడిగింది నిర్మలమ్మ, మెల్లగా.

"ఆపుత మేడం. రేపటి సంది బస్టాండ్ల కూసుండబెట్టి నేర్పుత, ఆ మోతలనే. కుక్క నేర్చుకునేదాంక, పిల్ల నేర్చుకునేదాంక రోజు ఆపుత. ఊరు తిట్టుకుంటే తిట్టుకోనీ. మల్ల తాళం మాత్రం వెయ్య."

ఉరికినా గేటు దాకా వచ్చింది కదా, రా అన్నది నిర్మలమ్మ. ఆఫీసు గదిలోకి పోయి రిజిస్టరు తీసి, నిస్సి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు రాసింది. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చింది. ఏడేళ్ల పిల్ల పేరు ఒక్క కాగితం మీద ఎక్కడానికి ఊళ్లో బస్సులన్నీ ఆగాల్సి వచ్చిందే అని నవోమికి కోపం పొంగుకొచ్చింది. ఆ కోపంతోనే, పెన్ను గట్టిగా నొక్కిపట్టి, కాగితం చిరిగేలా సంతకం పెట్టింది.